బాతు ట్రంకుపెట్టె

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా కిందికి సాగి ఉంది. కురవదు, తెరిపివ్వదు. అలాంటి ఆకాశాన్ని మా వీధిలో అందరికంటే ఎక్కువ తిట్టేది ఇస్త్రీకొట్టు ముసలమ్మ. బట్టలు ఆరకపోతే ఆమె కూతురికి ఇస్త్రీపని ఉండదు. ఆ రోజూ వాకిట్లో నిలబడి పైకి చూస్తూ, "నిన్నట్నుంచీ ఇదే మొహం. ఏడువంటే ఏడవదు, నవ్వంటే నవ్వదు," అని తిట్టి, అదే ఊపులో పక్కనున్న పెద్ద మనవరాలి వైపు తిరిగి, "అచ్చం దీనిలాగే," అంది.

మనవరాలు పుస్తకాల సంచి పట్టుకుని నేలచూపులు చూసింది. పిల్ల పీలగా ఉంటుంది. తల ఒక్కటే గుండ్రంగా కనిపిస్తుంది. అందుకని వీధంతా గుండుసూది అంటారు. దాని చెల్లెల్ని రేడియో అంటారు. ఎందుకో చెప్పక్కర్లేదు.

నా కుట్టుమిషను కొట్టు వాళ్ల కొట్టుకి ఎదురుగానే ఉంటుంది. నాకు మాట తక్కువ. "చెయ్యెత్తు", "తిరుగు", "ఊపిరి వదులు", ఈ మూడింటితో నాకు రోజు గడిచిపోతుంది. మిగతా మాటలన్నీ పక్కనే కూర్చుని కాజాలు కుట్టే మా ఆవిడ చూసుకుంటుంది.

ఆ పొద్దునే లైబ్రరీ మేడమ్ తెగిన బ్యాగు పట్టీ కుట్టించుకోవడానికి వచ్చింది. వీధి చివరి లైబ్రరీలో సాయంత్రాలు, చదవడం వెనకబడ్డ పిల్లల్ని ఆమె పోగుచేస్తుంది. కూలికి పోయేవాళ్ల పిల్లలు, అంట్లు తోమేవాళ్ల పిల్లలు, ఇంట్లో చదివించే తీరిక ఎవరికీ లేని పిల్లలు. పైసా పుచ్చుకోకుండా ఎవరో ఒక పెద్దవాళ్లు ఒక్కో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి.

"మాస్టారూ, మీకు చదవడం వచ్చా?" అని అడిగింది.

"వచ్చు."

"ఒక పిల్లని చదివించి పెట్టాలి."

"నాకు మాట్లాడ్డం రాదమ్మా."

"మాకు కావల్సిందే అలాంటివాళ్లు," అంది మేడమ్. వచ్చేవాళ్లలో రిటైరైన ఆఫీసరుగారొకరు ఉన్నారట. గంటసేపూ తాను కష్టపడి పైకొచ్చిన వైనం చెబుతారట. ఆయన ఏ ఏడు ఏ కుర్చీలో కూర్చున్నారో పిల్లలకి కంఠతా వచ్చేసింది గానీ పుస్తకం మొదటి పేజీ మాత్రం తిరగలేదట.

మా ఆవిడ పళ్లతో దారం తెంపి, "నాతో ఊఁ అనడానికే మంచిరోజు చూసుకుంటాడు. ఈయన చదివిస్తే ఆ పిల్ల సైగలు నేర్చుకుంటుంది," అంది.

ఆ పిల్ల ఎవరో కాదు, గుండుసూదే. సంగతి తెలియగానే ముసలమ్మ వీధి దాటి వచ్చింది. "తమ్ముడూ, ఈ నెలాఖరున పెద్ద టీచరమ్మ ముందు ఒక పేజీ పైకి చదివి వినిపించాలంట. చదవలేకపోతే వచ్చే ఏడు దీన్ని వెనక్కి దింపి రేడియో తరగతిలో కూర్చోబెడతారంట. చెల్లెలి పక్కన. అదే జరిగితే బడి మానేసి ఇస్త్రీపెట్టె పట్టుకుంటానంటోంది. అన్నదంటే చేసేస్తుంది, మొండిఘటం."

వెనకాలే వచ్చిన ఆమె కూతురు, పిల్లల తల్లి, చేతులు కొంగులో దాచుకుని నిలబడింది. ఆ చేతుల మీద మచ్చలు నాకు తెలుసు. బొగ్గుల పెట్టె అంచు తగిలినప్పుడల్లా ఒకటి చేరుతుంది.

"ఆ పెట్టెకి నా చేతులు చాలు, అన్నా," అంది.

కొట్టు వదిలి లైబ్రరీకి పోయి కూర్చోవడం నాకు కుదరదు కాబట్టి పిల్లే సాయంత్రాలు నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మేడమ్ ఒక పల్చటి బొమ్మల పుస్తకం ఇచ్చింది. అట్ట మీద ఒక బాతు, దాని పక్కన ట్రంకుపెట్టె, వెనక రైలు. నేను మిషను ఆపి, స్టూలు వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాను. గుండుసూది పుస్తకం తెరిచి బాతు వైపు చూసింది. బాతు దాని వైపు చూసింది. చీకటి పడింది. పిల్ల పుస్తకం మూసి వెళ్లిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మేడమ్ వచ్చి, "పిల్లని మెచ్చుకుంటూ ఉండాలి మాస్టారూ, అప్పుడే ధైర్యం వస్తుంది," అని చెప్పి వెళ్లింది. సరే అని ఆ సాయంత్రం పిల్ల లేచి పోతుంటే, "బాగుంది," అన్నాను.

"ఏం చదివిందని బాగుంది?" అంది మా ఆవిడ.

ఆలోచించి, "కూర్చోవడం," అన్నాను.

ముసలమ్మ మాత్రం అటు నుంచి అరుగు మీద కూర్చునే అంటూండేది. "చిన్నదాని నోట్లో నువ్వుగింజ నానదు. పెద్దదాని నోట్లో నువ్వుల బస్తా పోసినా సరే, నాని మొలకెత్తి చెట్టవ్వాల్సిందే గానీ ఒక్క గింజ బయటికి రాదు."

ఇలా ఉండగా రొట్టెల బట్టీ అతను తన కొట్టు ముందు ఎండకి కట్టుకోవడానికి పెద్ద పరదా కుట్టమని తెచ్చాడు. పొడుగాటి అంచు. మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు. ఆ సాయంత్రం పిల్ల వచ్చినా నేను మిషను ఆపలేదు. తలొంచుకుని తొక్కుతూ పోయాను. సగం అంచు అయ్యాక ఓరగా చూస్తే దాని పెదవులు కదులుతున్నాయి. ఏదో నములుతోందనుకున్నాను. చెవి అటు పెట్టి విన్నాను. "బాతు... స్టే... స్టేషనుకి... వచ్చింది."

నేను కాలు ఆపాను. నోరు ఆగింది. కాలు ఆడించాను. కాసేపటికి నోరు ఆడింది. "టి... టికెట్టు... ఇవ్వండి... అంది బాతు."

అంచు అయిపోయింది. పరదా తీసేశాను. ఉత్త మిషనే తొక్కుతూ కూర్చున్నాను.

"ఏమయ్యో, గుడ్డ లేకుండా ఏం కుడుతున్నావు, గాలికి చొక్కానా?" అంది మా ఆవిడ.

"ఊఁ," అన్నాను. ఆమె నా మొహం చూసింది, పిల్ల పెదవులు చూసింది, మారుమాట్లాడకుండా కాజాలో పడింది. నాతో ఇన్నేళ్లు కాపురం చేసినందుకు ఆమెకి ఆ మాత్రం అర్థమవుతుంది.

పిల్లని ఒకసారి అడిగాను, మిషను ఉంటేనే ఎందుకని. "అప్పుడు తప్పు ఎవరికీ వినపడదు కదా తాతా," అంది. నాకు వినపడుతుందని నేను చెప్పలేదు. ఎక్కడైనా తడబడితే చక్రం కొంచెం నిదానం చేసేవాణ్ణి. అది వెనక్కి పోయి మళ్లీ చదివేది. సరిగ్గా వస్తే పరుగెత్తించేవాణ్ణి. అంతకుమించి నేను చేసిన బోధన లేదు.

ఉత్త మిషను తొక్కితే పొట్ట గడవదు కాబట్టి చేతికందిన ప్రతి గుడ్డకీ రెండేసి కుట్లు, మూడేసి కుట్లు వేసేవాణ్ణి. ఆ నెల మా కొట్లో కుట్టించుకున్న బట్టలు ఇంకో తరం వాడుకోవచ్చు. చిక్కల్లా నా చెవి బాతు దగ్గర ఉండిపోవడం. రొట్టెల బట్టీ అతను కోటు పట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, జేబు పైన కూడా కుట్టేశావు. చెయ్యి ఎక్కడ పెట్టుకోను?"

"చలికాలం కాదుగా," అంది మా ఆవిడ నాకు బదులు. "అదిగో, మాట్లాడకు. బాతుకి టికెట్టు ఇస్తాడో లేదో తేలబోతోంది."

అతను అర్థంకాక నిలబడ్డాడు. మిషను చప్పుడు మధ్యలోంచి విన్నాడు. స్టేషను మాస్టారు బాతుని అడుగుతున్నాడు, నీ పెట్టె ఎందుకు కారుతోంది అని. చెమట, అంటోంది బాతు. అతను మెల్లగా బల్ల చివర కూర్చున్నాడు. మర్నాడు ఏ గుడ్డా లేకుండానే వచ్చాడు.

గుండుసూది రోజుకి నాలుగు ముక్కల కంటే ముందుకి పోదు. ఆ బాతు సముద్రం చూడాలని బయల్దేరింది. ట్రంకుపెట్టె వదలదు, తెరవదు, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అందులో ఏముందో పుస్తకం చెప్పదు. మామూలుగా చదివితే సిగ్నలు పడేలోగా అయిపోయే కథ. మాకు మాత్రం వారాల తరబడి సాగింది. వీధిలో అదే మాట. రొట్టెల అతను, నానబెట్టిన పిండి అన్నాడు. మా ఆవిడ, తడిబట్టలు, ఆ ఊళ్లోనూ ఆకాశం ఇలాగే ఉండుంటుంది అంది. ముసలమ్మ చాలాసేపు ఆలోచించి, "దాని మొగుడు. కారేది వాడి కన్నీళ్లు," అంది. నన్ను అడిగారు. "అతుకు సరిగ్గా వెయ్యలేదు," అన్నాను.

రేడియో ఈ పుస్తకం ఎప్పుడో చదివేసింది. రోజూ గుమ్మం పట్టుకుని ఊగుతూ, "పెట్టెలో ఏముందో చెప్పనా?" అనేది. గుండుసూది మొహం పాలిపోయేది. చెప్పేస్తే ఇక చదవడం ఎందుకని అది పుస్తకం మూసేస్తుందేమోనని మా అందరికీ భయం. మా ఆవిడ రంగుగుండీ ఒకటి ఇచ్చేది. రొట్టెల అతను బన్ను ఇచ్చేవాడు. నెల తిరిగేసరికి రేడియో బుగ్గలు ఉబ్బాయి. దాని గౌను మీద కాజాలు లేని చోట్ల కూడా గుండీలు వేలాడుతున్నాయి.

రెండు రోజుల్లో పరీక్ష అనగా అసలు సంగతి నాకు తట్టింది. బడిలో మిషను ఉండదు.

ఆ సాయంత్రం మెల్లమెల్లగా కాలు నిదానం చేసి చూశాను. చక్రం నెమ్మదించేకొద్దీ పిల్ల గొంతు కూడా సన్నగిల్లింది. ఆపేసరికి అదీ ఆగిపోయింది. మళ్లీ బాతు వైపు చూస్తూ కూర్చుంది. దాని తల్లి ఎదురుగా ఇస్త్రీబల్ల దగ్గర పెట్టె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి ఇటే చూస్తోంది.

చివరికి మా ఆవిడే సూది తలలో గుచ్చుకుని లేచింది. "బడిలో మిషను లేకపోతే తీసుకుపోదాం. దానికేం కాళ్లు లేవా."

ఉన్నాయి. ఇనపవి, నాలుగు.

బడి తరగతులకి కర్టెన్ల గుడ్డ కొని, కుట్టించే నాథుడు లేక ఒక మూల పడేశారని మా ఆవిడకి లైబ్రరీ మేడమ్ చెప్పిందట. మర్నాడు బడికి వెళ్లి, కర్టెన్లు ఊరికే కుట్టిపెడతామనీ, కాకపోతే కిటికీల దగ్గరే కొలిచి అక్కడికక్కడే కుట్టాలనీ, అదీ రేపు పొద్దున్నే అయితేనే వీలవుతుందనీ ఒప్పించి వచ్చింది.

పరీక్ష రోజున రొట్టెల అతని తోపుడుబండి మీద మిషను ఎక్కించాం. నలుగురం నాలుగు వైపులా పట్టుకుని నడిచాం. ఎదురొచ్చినవాళ్లు ఏదో ఊరేగింపు అనుకుని పక్కకి తప్పుకున్నారు. నేను ముందురోజే నూనె వేశాను, సూది మార్చాను, బాబిన్లన్నీ నిండా దారం చుట్టి జేబులో వేసుకున్నాను. దారం అయిపోయి మధ్యలో ఆగకూడదు కదా. అన్నీ ఆలోచించాననుకున్నాను.

పెద్ద టీచరమ్మ గది చిన్నది. ఒక బల్ల, బీరువా, కిటికీ. కిటికీ కింద నా మిషను పెట్టించాను. ఆవిడ భారీ మనిషి, కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని దాన్ని బల్ల మీద వెతుక్కుంటోంది. గుండుసూది పుస్తకం గుండెకి ఆనించుకుని ఎదురుగా నిలబడింది. తల్లి గుమ్మం పక్కన నిలబడింది. కిటికీ అవతల ముసలమ్మ, రేడియో, మా ఆవిడ, బండి పట్టుకుని రొట్టెల అతను.

"ఎక్కడిదాకా చదివావో అక్కణ్ణుంచే చదువమ్మా," అంది టీచరమ్మ.

నేను కాలు ఆడించాను. గది దద్దరిల్లింది. పిల్ల పెదవులు కదిలాయి.

"మాస్టారూ, ఆ చప్పుడు కాసేపు ఆపండి. పిల్ల ఏం చదువుతోందో వినపడాలి."

ఆపాను. పెదవులు ఆగాయి. గుమ్మం దగ్గర తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా జన్మలో అంత పెద్ద మాట ఎప్పుడూ మాట్లాడలేదు గానీ, నోరు తెరవక తప్పలేదు. "ఆపితే కుదరదమ్మా. ఈ రకం గుడ్డ ఒకసారి మొదలుపెడితే ఆపకూడదు. ముడుచుకుపోతుంది."

"ముడుచుకుపోతుందా?"

"గాలి తగిలితే."

ఆవిడ గుడ్డ చూసింది, నన్ను చూసింది, పిల్లని చూసింది. కుర్చీ చప్పుడయ్యేలా ముందుకి లాక్కుని బల్ల మీదికి వంగి చెవి పక్కన చెయ్యి పెట్టుకుంది. "సరే, కానివ్వండి."

తొక్కాను. పిల్ల చదవడం మొదలుపెట్టింది. "బాతు... ఇసుకలో... కూర్చుంది. సముద్రం వైపు చూసింది. సముద్రం చాలా పెద్దది. బాతుకి భయం వేసింది."

నేను గుడ్డ మీద చూపు పెట్టాలి. నలభై ఏళ్ల పనివాణ్ణి, నాకా మాత్రం తెలీదా. కానీ చూపు గుడ్డ మీదున్నా మనసు ఇసుకలో ఉంది. చేతులు వాటంతటవి గుడ్డని తోస్తున్నాయి.

"బాతు పెట్టెని... ముందుకి లాక్కుంది. పెట్టె... గొళ్లెం తీసింది."

టక్కున మిషను ఆగిపోయింది.

కాలు ఎంత తొక్కినా చక్రం కదలదు. చెయ్యి లాగబోయాను. రాలేదు. కిందికి చూస్తే నా ఎడమచేతి చొక్కా కఫ్ కర్టెను అంచులో నీటుగా మడిచి ఉంది. దాని మీద రెండు వరసల కుట్టు పడింది. గుండీ సూది కింద ఇరుక్కుంది. ఇన్నేళ్లలో ఎందరివో జేబులు మూసేశాను గానీ నన్ను నేను కుట్టుకోవడం అదే మొదటిసారి.

గదిలో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. కిటికీ అవతల రేడియో నోరు తెరిచింది. ముసలమ్మ అరచెయ్యి దాని నోటి మీద చప్పున పడింది. నేను పిల్ల వైపు చూసే ధైర్యం లేక కఫ్ వైపే చూస్తున్నాను.

"మూత... ఎత్తింది," అంది గుండుసూది.

నేను తలెత్తాను. పిల్ల మమ్మల్ని ఎవర్నీ చూడ్డం లేదు. ముక్కు పుస్తకానికి తగిలేంత దగ్గరగా పెట్టుకుని, వేలు అక్షరాల కింద నడిపిస్తోంది. నెలంతా మేం ఎదురుచూసినట్టే అదీ ఎదురుచూసింది కదా. గొళ్లెం తీశాక ఆగడం ఎవరి తరం.

"పెట్టె నిండా... నీళ్లు. అవి... దాని చెరువు నీళ్లు. కొత్త నీళ్లలో ఈత వస్తుందో... రాదో అని బాతు తన నీళ్లు తనే తెచ్చుకుంది. పెట్టెలోకి దిగి... ఈదింది. పెద్ద అల వచ్చింది. పెట్టెని... ముంచేసింది. చెరువు నీళ్లు ఏవో... సముద్రం నీళ్లు ఏవో... తెలియలేదు. బాతు... ఈదుతూనే ఉంది."

వేలు పేజీ చివరికి వచ్చి అట్ట మీద ఆగింది.

"తర్వాత?" అంది టీచరమ్మ.

"అయిపోయిందమ్మా."

"అప్పుడేనా," అంది ఆవిడ. కాస్త నిరాశగానే అంది. నెత్తి మీది కళ్లజోడు తగిలితే దించి పెట్టుకుంది. "నీ చెల్లెలి తరగతిలో బెంచీలన్నీ నిండిపోయాయి. నీకు చోటు లేదు. పై తరగతికే పో." ఆ పైన నా వైపు తిరిగింది. "మాస్టారూ, మీ గుడ్డ ముడుచుకుపోతోంది. చూసుకోండి."

అప్పుడు చూసుకుంది పిల్ల, మిషను ఆగి ఉందని. దాని చెవులు ఎర్రబడ్డాయి. ఏదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు తల్లి వెనక్కి పోయి నిలబడింది.

మా ఆవిడ కత్తెర తెచ్చింది. కర్టెను కత్తిరించాలా, చొక్కా కత్తిరించాలా అని చర్చ వచ్చింది. "కర్టెను బడిది, చొక్కా మనది," అని కసుక్కున చొక్కాయే కత్తిరించింది. కుట్టు విప్పవచ్చు కదా అన్నాను. "రెండు వరసలు వేశావు. విప్పేసరికి పిల్లకి పెళ్లీడొస్తుంది," అంది. ఆ కఫ్ ఇప్పటికీ ఆ కిటికీ కర్టెను అంచులో ఉంది, గుండీతో సహా.

వస్తుంటే దారి పొడుగునా వాదులాటే. రొట్టెల అతను, నీళ్లలో నానబెట్టేది పిండే కాబట్టి తాను సగం గెలిచానన్నాడు. ముసలమ్మ ఒప్పుకోలేదు. చెరువు నీళ్లయినా దాంట్లో మొగుడు బాతు ఒకప్పుడు ఈదే ఉంటాడు కదా అంది. రేడియోకి ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. గుండీలు తిరిగిచ్చేయమంటారేమోనని వెనకాల దూరంగా నడిచింది.

మధ్యాహ్నం అన్నం వాళ్లింట్లోనే తినాలని పిల్లల తల్లి పట్టుబట్టింది. ఇస్త్రీబల్ల మీది దుప్పటి తీసి తుడిచి, అదే బల్ల మీద కంచాలు పెట్టింది. పొద్దుటి పెట్టె వేడి ఇంకా చెక్కలో ఉంది. అన్నం చల్లారకుండా ఉంది. పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ తిన్నట్టు లేదు. బల్ల చుట్టూ స్టూళ్లు, పెట్టెలు, బోర్లించిన బుట్టలు వేసుకుని కూర్చున్నాం. ముసలమ్మ నోరు కూడా తిండికే సరిపోయింది. గుండుసూది నా ఎదురుగా కూర్చుంది. తల్లి దాని కంచంలో ఇంకాస్త కూర వేసింది. పిల్ల వద్దనలేదు.

మాట లేదు. కంచాల మీద వేళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దానికి అలవాటు లేక బల్ల కింద నా కుడికాలు దానంతటదే ఆడడం మొదలుపెట్టింది, నేలని తొక్కుతూ. మా ఆవిడ అన్నం కలుపుకుంటూనే, చూడకుండానే, తన కాలు తెచ్చి నా కాలి మీద పెట్టింది.

కాలు ఆగింది. తిన్నాం.